మగ్గం గుంటలోంచి లేచిన గుండయ్య

గుండయ్య నేసిన జంపఖానా మీద ఒకసారి ఏనుగు కూర్చుని లేస్తే, జంపఖానాకు ఏమీ కాలేదు గాని ఏనుగు పిర్రల నిండా గళ్లు పడ్డాయని నేను చాలామందికి చెప్పాను. అది అబద్ధం. మా వాడకు ఏనుగు ఎప్పుడూ రాలేదు. కానీ ఆయన నేసిన జంపఖానా మీద చెంబెడు నీళ్లు పోస్తే అవి కిందికి దిగేలోపు తాపీగా తుడిచేయవచ్చు. ఇది నిజం, నేను చూశాను. ఈ రెండూ ఒకే గొంతుతో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది మాన్పించాలని కాన్వెంటులో సిస్టర్లు నన్ను ఎన్నోసార్లు మోకాళ్ల మీద నిలబెట్టారు. మోకాళ్లు అరిగాయి గాని అలవాటు అరగలేదు. ఆ అలవాటు వల్లనే గుండయ్యకు డెబ్బై తొమ్మిదో ఏట పెద్ద చిక్కు వచ్చి పడింది.

మాది వరంగల్‌లో నేత పనివాళ్లు ఉండే వాడ. మా ఇల్లు చర్చి పక్కన, వాళ్ల ఇల్లు చేనేత సంఘం షెడ్డుకు ఎదురుగా. మా నాన్న మిషన్ దవాఖానలో కాంపౌండరు, తర్వాత నేనూ అదే పని చేశాను. గుండయ్య మూడో తరగతితో బడి మానేశాడు. పన్నెండో ఏట తండ్రి అతన్ని మగ్గం గుంటలోకి దించాడు. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గొయ్యి మీద బిగించిన మగ్గం. నేతగాడు గొయ్యి అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, కింద ఉన్న చెక్కలు తొక్కుతుంటాడు. చూసేవాళ్లకు నడుము పైభాగమే కనిపిస్తుంది.

మిగతా ఇళ్లల్లో చీరలు, తువ్వాళ్లు, ధోవతులు నేసేవారు. గుండయ్య ఇంట్లో తాత నాటి నుంచీ జంపఖానాలే. జంపఖానాకు పోగు వేసిన ప్రతిసారీ బరువైన పలకతో దాన్ని గట్టిగా దిగ్గొట్టాలి. ఇరవై ఏళ్లు వచ్చేసరికి గుండయ్య దెబ్బ వాడంతటికీ తెలిసిపోయింది. పొద్దున ఆ చప్పుడు వినే మా అమ్మ నన్ను డ్యూటీకి లేపేది. కుడి భుజం ఎడమ భుజం కంటే లావుగా తయారై, చొక్కా కుట్టే దర్జీ రెండు వైపులా వేరువేరుగా కొలిచేవాడు. ఇది కూడా నిజమే.

ఆయన భార్య పోశవ్వది మరిపెడ. ఇద్దరు కూతుళ్లు. ఒకామె పరకాలలో టీచరు, ఇంకొకామె కాజీపేటలో బట్టలు కుడుతుంది. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గాలు మూలపడ్డాక గుండయ్య తన మగ్గం విప్పేసి సంఘం షెడ్డుకు వాచ్‌మన్‌గా చేరాడు. షెడ్డులో మిగిలిన ఒకే ఒక్క గుంట మగ్గాన్ని ఆయనే దుమ్ము దులిపి కాపాడుతూ వచ్చాడు.

ఇక బంగ్లాదేశ్ యుద్ధం సంగతి. పందొమ్మిది వందల డెబ్బై ఒకటి చలికాలంలో, మిలిటరీ దవాఖానలకు కట్టు గుడ్డ చాలడం లేదని సంఘానికి కబురు వచ్చింది. నలభై మగ్గాల వాళ్లు షెడ్డులో కూర్చుని ఒక మాట మీదికి వచ్చారు. సొంత నేత ఆపేసి, పన్నెండు రోజులు కూలి లేకుండా కట్టు గుడ్డ నేయాలని. ఆ పన్నెండు రోజులూ వాడలో చాలా ఇళ్లల్లో పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగింది. మక్క గట్క తాగి మగ్గాల్లోకి దిగారు. ఎవరూ పాటలు పాడలేదు, జెండాలు పట్టలేదు. పని ఎక్కువ, తిండి తక్కువ, అంతే.

కట్టు గుడ్డ జాలీలాగా ఉండాలి. నెత్తురు పీల్చాలి, గాలి ఆడాలి. పోగును కొట్టకూడదు, ముట్టి వదలాలి. గుండయ్య రెండు రోజులు నేశాడు. గుడ్డ చూడడానికి వచ్చిన డాక్టరు దాన్ని చేత్తో తడిమి, పైన గ్లాసెడు నీళ్లు పోశాడు. నీళ్లు నిలబడ్డాయి. ఇది కట్టు గుడ్డ కాదు, గొడుగు గుడ్డ అన్నాడు. గుండయ్య మళ్లీ నేశాడు. మళ్లీ అదే. పదమూడేళ్లుగా దిగ్గొట్టిన భుజం, మెల్లగా అంటే అర్థం చేసుకోలేకపోయింది.

నాలుగో రోజు పొద్దున గుండయ్య తన వంతు నూలంతా మోసుకెళ్లి పక్కింటి సారంగపాణి గుమ్మంలో పెట్టాడు. తాను వచ్చి పోశవ్వ పక్కన రాట్నం ముందు కూర్చున్నాడు. పోగుతో మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నేతగాడు వేసుకునే చిన్న కండెలకు నూలు చుట్టే పని అది. మా వాడలో ఆ పని ఆడవాళ్లది, చూపు తగ్గిన ముసలివాళ్లది. పాతికేళ్ల మనిషి రాట్నం ముందు కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. మిగిలిన తొమ్మిది రోజులూ గుండయ్య కండెలు చుట్టి, గంపలో వేసుకుని, మగ్గం మగ్గానికీ తిరిగి పంచాడు.

రెండు నెలల తర్వాత మరిపెడలో పెళ్లి. నన్నూ తీసుకెళ్లాడు. బంతిలో కూర్చున్నాక పోశవ్వ తమ్ముడు కట్టయ్య అందరికీ వినిపించేలా మొదలుపెట్టాడు.

"బావా, యుద్ధంల మీ వాడోళ్లంత గుడ్డ నేసిండ్లట గద. నువ్వు కండెలు చుట్టినవని ఇన్న. గాజులు గిట్ల ఏసుకున్నవా మరి?"

బంతి బంతంతా నవ్వింది. గుండయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నా నోరు ఆగలేదు.

"కండెలు చుట్టింది నేను, కట్టయ్యా. గుండయ్య ఒక్కడే వంద గజాలు నేసిండు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకొని మొక్కిండు," అన్నాను.

గుండయ్య నా వైపు ఒకసారి చూసి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మంచి కథ చెప్పినవాడు ఒక్కసారి చెప్పి ఊరుకోడు. చాయ్ హోటల్లో, దవాఖాన వరండాలో, క్రిస్మస్ కేకు పంచేటప్పుడు చెబుతూ వచ్చాను. నా వయసుతో పాటు గుడ్డ కూడా పొడుగైంది. ఈ మధ్య అది ఐదు వందల గజాల దగ్గర ఉంది. ఆనాటి నేతగాళ్లు ఒక్కొక్కరే పోయారు. నా మాట కాదనడానికి గుండయ్య, పోశవ్వ తప్ప ఎవరూ మిగల్లేదు.

పోయిన ఏడు వాడ కమిటీ వాళ్లు షెడ్డు ముందు ఒక శిల్పం పెట్టాలని తీర్మానించారు. కమిటీ అధ్యక్షుడు హరికృష్ణ, సారంగపాణి కొడుకు. ఆరు మరమగ్గాలు నడుపుతాడు. తండ్రి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు. శిల్పం పని ధర్మసాగర్‌లో షెడ్డు వేసుకుని విగ్రహాలు చేసే మహిత అనే అమ్మాయికి ఇచ్చారు. ఆమె వచ్చి, మగ్గం ఎలా ఉంటుందో చూపించమని గుండయ్యను గుంటలో కూర్చోబెట్టి బోలెడు ఫోటోలు తీసుకుంది. మగ్గం కోసమే తీస్తోందని గుండయ్య అనుకున్నాడు.

నవంబరు చివర్లో, మట్టి నమూనా తయారైంది, లోహం పోసే ముందు ఒకసారి చూడమని మహిత కబురు చేసింది. హరికృష్ణ మమ్మల్ని ఆటోలో ధర్మసాగర్ తీసుకెళ్లాడు. గుండయ్య, పోశవ్వ, నేను. తడిగుడ్డ తీయగానే మగ్గం, మగ్గంలో గుండయ్య. మగ్గం మీంచి దిగిన గుడ్డ నేల మీద పారి, అటు చివర పడి ఉన్న జవాను కాలికి కట్టుగా చుట్టుకుంది. బాగా చేసింది. పక్కన ఒక అట్ట మీద, శిల్పం కింది ఫలకం మీద చెక్కబోయే రాత ఉంది. గుండయ్య మూడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. యుద్ధకాలంలో ఈ వాడ నేతన్నలు కడుపు మాడ్చుకుని కట్టు గుడ్డ నేసిచ్చారని, వారిలో గుండయ్య ఒక్కడే ఐదు వందల గజాలు నేశాడని.

పోశవ్వ చుట్టూ తిరిగి చూసింది.

"ముక్కు మంచిగ కుదిరింది బిడ్డా. పెండ్లప్పుడు ఈ మనిషికి గింత ముక్కు లేకుండె."

గుండయ్య నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"దావీదూ, గిది నీ పనేనా?"

"రాత నాది కాదురా," అన్నాను.

"గజాలు నీయే గద."

తర్వాత హరికృష్ణ దగ్గరికి వెళ్లాడు. "హరీ, నేను నెయ్యలే. నా గుడ్డ పనికిరాలే. నన్ను అండ్లకెల్లి తీసెయ్యి కొడకా."

హరికృష్ణ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దబాపూ, గొప్పోళ్లు గట్లనే అంటరు."

"గొప్పలేదు గిప్పలేదు. కండెలు చుట్టిన."

"సూసినవా మహితా, ఎంత తగ్గించుకుంటాండో. జర ఆ చూపు కూడ పట్టుకో, విగ్రహంల రావాలె."

గుండయ్య ఎంత కాదంటే వాళ్ల కళ్లల్లో అంత పెరుగుతున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆటో మడికొండ దాటింది. గుండయ్య మెల్లగా అన్నాడు. "ఆ బొమ్మ మా ఇంటెదురుంగ పెడుతాండ్లు. పొద్దున లేసి తలుపు తీస్తే నా మొఖం నాకే అవుపడాలె. అదీ సారంగపాణి కూసున్న కాడ. ముప్పై తొమ్మిది మంది పోయిండ్లు, ఉన్నోణ్ని అని వాళ్ల సీట్ల నేను కూసుండుడేందిరా. నేనింక ఎన్నేండ్లుంటనో. ఉన్నన్ని దినాలు తలుపు ఏసుకొనే ఉండాల్నా?"

నేను చేసిన తప్పు నేనే దిద్దాలని మరునాడు హరికృష్ణ ఇంటికి వెళ్లాను. మరిపెడ పెళ్లి దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఒక్క గజం కూడా కలపలేదు. అతను చాయ్ తెప్పించి ఓపిగ్గా విన్నాడు.

"దావీదు మామా, నువ్వు నిజం చెప్తానవంటే ఎవలు నమ్ముతరు?"

"మరి ఐదు వందల గజాలు ఎట్ల నమ్మినవ్?"

"అది మంచిగున్నది గద."

ఆ యుద్ధం గెలిచిన రోజు, డిసెంబరు పదహారున ఆవిష్కరణ. పిలుపు కార్డులు అచ్చయ్యాయి. మహిత వారంలోపు లోహం పోయాలి. గుండయ్యకు ఉన్నది ఆ వారమే. మాటలతో పని జరగదని ఆయనకు అర్థమైంది. పోశవ్వను తోడు పెట్టుకుని షెడ్డులో మూలన ఉన్న గుంట మగ్గం మీద సన్న నూలు పడుగు ఎక్కించడం మొదలుపెట్టాడు. కళ్లు సరిగా ఆనవు, పోగులు అతకడానికి మూడు రోజులు పట్టింది.

"తప్పు పోతాంది, అటు గుంజు," అనేది పోశవ్వ.

"నాకెరుకనే."

"ఎరుకుంటే గిట్లెందుకున్నది?"

నాలుగో రోజు మధ్యాహ్నం హరికృష్ణను, మహితను పిలిపించాడు. "కట్టు గుడ్డ నేస్తాన. కూసొని సూడుండ్లి," అన్నాడు. హరికృష్ణ ఫోన్ తీసి వీడియో పెట్టాడు.

నేను దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. గుండయ్య కావాలని చెడగొట్టలేదు. నిజంగానే మెల్లగా నేయాలని చూశాడు. పలకను మునివేళ్లతో పట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. మొదటి పది పోగులు పలచగా, దూరం దూరంగా పడ్డాయి. నాకే అనుమానం వచ్చింది, ఈ వయసులో నేర్చుకున్నాడేమోనని. పదకొండో పోగుకు భుజం తన దారి తాను పట్టింది. ధన్ మని దెబ్బ. గుండయ్య ఆగి, చెయ్యి దులుపుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అయిదు పోగులకే దెబ్బ పడింది. ఆ తర్వాత లెక్క లేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి కొడుతుంటే షెడ్డు రేకులు అదిరాయి. జానెడు గుడ్డ అయ్యేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

మగ్గం మీదున్న గుడ్డ మీద పోశవ్వ గ్లాసుతో నీళ్లు పోసింది. మొదటి పది పోగుల దగ్గర నీళ్లు కిందికి కారాయి. మిగతా గుడ్డ మీద అలాగే నిలబడ్డాయి. నీళ్లు కాసేపు ఉండి, పక్కలకు జారి, గుంటలో గుండయ్య కాళ్ల మీద పడ్డాయి.

హరికృష్ణ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి మా బాపు?"

"మీ బాపు ముట్టుకుంటే నూలుకు తెల్వకపోయేది. నా వంతు నూలు గూడ ఆయనే నేసిండు. పగలు ఆయినె, రాత్రి ఆయినె. ఎన్ని గజాలంటే నాకెరుక లేదు. కొలువలే. ఉన్నది లేనిది చెప్ప."

"గిన్నేండ్లు ఎందుకు సప్పుడు చెయ్యలే పెద్దబాపూ?"

"అప్పుడు మా బామ్మర్ది ముంగట ఇజ్జత్ పోతదని. తర్వాత అందరు మంచిగ సూస్తాంటే అలవాటైంది." గుండయ్య గుంటలోంచి లేవడానికి చెయ్యి చాచాడు. నేను, హరికృష్ణ చెరో చెయ్యి పట్టి పైకి లాగాం. "తప్పు దావీదుది ఒక్కనిదే కాదు. ఆడు చెప్పిండు, నేను తిన్న."

మహిత అప్పటిదాకా గుండయ్య చేతులే చూస్తోంది. రాట్నం తెమ్మంది. గుండయ్య నేల మీద కూర్చుని, ఎడమ చేత్తో నూలు పట్టుకుని, కుడి చేత్తో తిప్పి చూపించాడు. నూలు రెండుసార్లు తెగింది.

"అప్పుడు కూడ గిట్లనే తెగ్గొట్టిండు," అంది పోశవ్వ. "సగం కండెలు నేను మళ్ల చుట్టిన."

మహిత చుట్టూ తిరిగి చూసి తల గోక్కుంది. "తాతా, ఒక ముచ్చట. నువ్వు గుంటల కూసున్నవని నిన్ను నడుము దాకనే చేసిన. ఇప్పుడు నీకు కాళ్లు చెయ్యాలె."

"నా కాళ్లు ఏం బాగుంటయ్ బిడ్డా."

"ఉన్నట్టె చేస్త తియ్."

"మరి కండెలు చుట్టింది గీ మనిషొక్కడేనా?" పోశవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వాడల ఆడోళ్లమంత ఆ పన్నెండు దినాలు ఏం జేసినం? సీరియల్ సూసినమా?"

"నిన్ను గూడ చేస్త అవ్వా."

"నా మొఖం వద్దు. పేర్లు రాయుండ్లి. అందరియి రాయుండ్లి."

చనిపోయిన ఆడవాళ్ల పేర్లు ఆమె అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టింది. యాకమ్మ, సరస్వతి, ఇంకా నాకు గుర్తులేనివి ఎన్నో. హరికృష్ణ పిలుపు కార్డు వెనుక రాసుకున్నాడు. ఒక కార్డు చాలలేదు.

ఇక మగ్గంలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మిగిలింది. సారంగపాణి కూర్చోవాలని గుండయ్య అన్నాడు. మహిత ఫోటో అడిగింది. హరికృష్ణ ఇంట్లో బీరువా, పెట్టె, దేవుడి గూడు అన్నీ వెతికాడు. లేదు. ఆ రోజుల్లో మా వాడలో ఫోటో దిగినవాళ్లే తక్కువ. హరికృష్ణకు తండ్రి మొహం గుర్తులేదు, బీడీ వాసన ఒక్కటే గుర్తుంది. గుండయ్య కోల మొహం అంటే పోశవ్వ గుండ్రం అంది. మీసం ఉందని ఆయన, లేదని ఈమె. నేను చెబుతానంటే నలుగురూ ఒక్కసారే వద్దన్నారు. తెలియని మొహం చెక్కి ఇది సారంగపాణి అనడం కుదరదని మహిత తేల్చేసింది. మగ్గం ఖాళీగానే ఉంచింది. లోహపు దిమ్మెలో గుంట కూడా నిజమైన గుంటంత లోతుగా వదిలింది.

పదహారో తారీఖు పొద్దున పది గంటలకు ముసుగు తీశారు. మగ్గం, మగ్గం పక్కన నేల మీద ఒక కాలు చాపి రాట్నం తిప్పుతున్న గుండయ్య, ఆయన వెనుక రాట్నాలు, గంపలు. గుడ్డ నమూనాలో లాగే పారి జవాను కాలికి చుట్టుకుంది. రాతలో గజాల ఊసు లేదు. నేసిన ముప్పై తొమ్మిది మంది పేర్లు, కింద కండెలు చుట్టినవారి పేర్లు. అందులో మగ పేరు ఒక్కటే.

ముందు గుసగుసలు మొదలయ్యాయి. వెనుక వరుసలో ఎవరో, "ఐదు వందల గజాలన్నరు, కండెలా?" అంటే నవ్వులు వచ్చాయి. ముసుగు తీయడానికి వచ్చిన పెద్దాయన తన చేతిలో మైకు గుండయ్యకు ఇచ్చేశాడు.

"గుడ్డ నాకు రాలే. కండెలు చుట్టిన. నేసినోళ్ల పేర్లు మీద ఉన్నయ్, సదువుకోండ్లి," అని మైకు తిరిగి ఇచ్చేశాడు.

నవ్విన వాళ్లలో కొందరు పేర్ల ఫలకం దగ్గరికి వెళ్లారు. ఒకతను తన తాత పేరు మీద వేలు పెట్టి భార్యకు చూపించాడు. ఇంకొకామె అత్త పేరు వెతుక్కుంది. ఆనాడు నేసినవాళ్లలో ఒకడైన పండరి మనవడు, వాడు బ్యాంకులో పని చేస్తాడు, బూట్లు విప్పి మగ్గం గుంటలో కాళ్లు వేసి కూర్చున్నాడు. వాళ్లమ్మ ఫోటో తీసింది. అతను లేవగానే ఇంకొక ఇంటివాళ్లు. చూస్తుండగానే వరుస కట్టారు. పెద్దాయన కారెక్కి వెళ్లిపోయాక కూడా వరుస తరగలేదు. గుండయ్యను కూడా కూర్చోమని ఎవరో పిలిచారు. నా సీటు కిందున్నదని చెప్పి ఆయన కదల్లేదు.

చివరికి హరికృష్ణ వచ్చాడు. చెప్పులు విప్పి, పంచె సర్దుకుని, గుంటలోకి కాళ్లు దించాడు. పోగు దిగ్గొట్టే లోహపు పలకను రెండు చేతులతో పిడికిలి బిగించి పట్టుకున్నాడు.

గుండయ్య కర్ర పట్టుకుని దగ్గరికి నడిచాడు.

"గట్ల కాదు హరీ. మీ బాపు గంత గట్టిగ పట్టకపోతుండె."

హరికృష్ణ పిడికిళ్లు విప్పి, వేళ్లు మాత్రం పలక మీద ఆనించాడు.

"గిట్లనా?"

"ఇంకా వదులు," అన్నాడు గుండయ్య.